టోటో వెనక తాబేలు

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి, కోల్‌కతాకి పడమటనున్న రైల్వే ఊళ్లో, తెలుగువాళ్ల పేట నిమ్‌పురా నుంచి ఒక టోటో బయలుదేరుతుంది. అందులో నూకాలమ్మ కూర్చుంటుంది, ఒళ్లో రెండు ఖాళీ సంచులతో. టోటో వెనక, ఇరవై అడుగుల దూరంలో, ఒక కారు వస్తుంది. కారులో ఆవిడ మొగుడు తవిటయ్య ఒక్కడే ఉంటాడు. పక్క సీటు ఖాళీ. వెనక సీటూ ఖాళీ.

బ్యాటరీ మీద నడిచే ఆ మూడు చక్రాల బండి గంటకి ముప్పై కిలోమీటర్లు దాటదు. కారూ దాటదు. టోటో ఆగితే కారు ఆగుతుంది. గోల్‌బజారులో నూకాలమ్మ కూరలు బేరమాడుతుంటే తవిటయ్య వెనక నిలబడి సంచులు పట్టుకుంటాడు. నిండిన సంచులు కారెక్కుతాయి. కొన్నావిడ మళ్లీ టోటో ఎక్కుతుంది.

మూడేళ్లుగా ఇదే వరస. టోటో నడిపే సుందర్ రాజుది పక్క పేట ఝపటాపూర్. మొదట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవేమో అనుకున్నాడు. కాదని తెలిసింది. దారి పొడుగునా ఆవిడ వెనక్కి తిరిగి మొగుడికి చేత్తో ఏవో సైగలు చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు అలవాటైపోయింది. అద్దంలో కారు కనబడకపోతే తనే వేగం తగ్గిస్తాడు.

కారుది గుండ్రటి వీపు. మీగడ రంగు. జర్మనీ వాళ్ల పాత నమూనా, అరవై ఏళ్ల వయసు. దాని ఇంజను వెనక ఉంటుంది, సామాను పెట్టుకునే డిక్కీ ముందు ఉంటుంది. నీళ్లు అడగదు, గాలికే చల్లబడుతుంది. పేటలో అందరూ దాన్ని తాబేలంటారు. ముందు మూత ఎత్తి చూసిన కొత్తవాళ్లకి ఇంజను బదులు కాలీఫ్లవర్లు కనిపిస్తాయి.

తవిటయ్య రైల్వేలో ముప్పై తొమ్మిదేళ్లు పని చేశాడు. అన్నేళ్లూ నిమ్‌పురా యార్డులోనే. తండ్రి పలాస దగ్గర నుంచి వచ్చి ఇక్కడ కళాసీగా చేరాడు. కొడుకు వేగన్లు చూసేవాడయ్యాడు. గూడ్సు వచ్చి ఆగగానే చేతిలో సుత్తితో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవడం, చక్రాన్ని కొట్టి వినడం. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీటు పడ్డ చక్రం దగ్గుతుంది. దగ్గిన వేగన్ మీద సుద్దముక్కతో సిక్ అని రాస్తే దాన్ని రైలు నుంచి విడదీసి మరమ్మతుకి లాక్కుపోయేవారు. బాగయ్యాక అదే చోట ఫిట్ అని రాసేవాడు. కింద తేదీ, పొడి అక్షరాలు. అంతే అతని రాతంతా.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇలా జరిగింది. డ్యూటీ దిగి, స్నానం చేసి, నూకాలమ్మని సైకిలు కేరియర్ మీద ఎక్కించుకుని బజారుకి బయలుదేరాడు. గేటు దాటాక సైకిలు ఆపేశాడు. పొద్దున్న ఫిట్ రాసిన గూడ్సులో ఒక వేగన్ స్ప్రింగు మీద అనుమానం వచ్చింది. రైలు తర్వాతి స్టేషను కలైకుండా వైపు వెళ్లిపోయింది. తవిటయ్య ఇంటికి తిరిగొచ్చి, సైకిలుకి గాలి కొట్టి, మళ్లీ పెళ్లాన్ని ఎక్కించుకుని కలైకుండా దాకా తొక్కాడు. సిగ్నలు దగ్గర గూడ్సు ఆగి ఉంది. వంగి చూశాడు. స్ప్రింగు బాగానే ఉంది. ఇద్దరూ అక్కడే టీ తాగి తిరిగొచ్చారు. బజారు ఆ రోజు లేదు.

నూకాలమ్మ మేనమామ కూతురు. అతన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. అయినా మొగుడి మీద గురి కుదిరింది మాత్రం ఆ రోజేనని ఇప్పటికీ చెబుతుంది.

కారు డయానాది. రైల్వే బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ముసలావిడ. తండ్రి మెయిల్ రైలు డ్రైవరు. తెలుగు ఆయా పెంచిన పిల్ల కాబట్టి ఆవిడ తెలుగు అచ్చం నిమ్‌పురా తెలుగు. మూడేళ్ల కిందట ఆవిడ గేటు బందులు బాగు చెయ్యడానికి తవిటయ్య వెళ్లాడు. రెండేళ్లుగా కదలని కారుని ఎవరో మెకానిక్ అదే పూట స్టార్టు చేశాడు. తవిటయ్య సుత్తి కింద పెట్టి విన్నాడు. నాలుగు సిలిండర్లలో ఒకటి మూగగా ఉందన్నాడు. మెకానిక్ నవ్వాడు. విప్పి చూస్తే నిజమే.

వారం తిరక్కుండా డయానా తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది. తనకి కళ్లు సరిగా ఆనడం లేదని, ఆదివారం చర్చికి తీసుకెళ్తే చాలని, మిగతా ఆరు రోజులూ బండి అతనిదేనని చెప్పింది.

"ఇది మాటాడతాది తవిటయ్యా. ఇనేవోడు లేక పాడైపోతంది," అంది.

తవిటయ్య ఆ సాయంత్రం కారుని ఇంటి ముందు ఆపి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నూకాలమ్మ వచ్చి చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. బాగుందంది. ఎక్కనంది.

కారణం ఉంది. డయానా చిన్నప్పుడు ఒక వానాకాలం, నిమ్‌పురా యార్డు గోడ పక్క మలుపులో ఆవిడ తండ్రి ఈ కారే నడుపుతున్నాడు. తోక జారింది. కారు గిర్రున తిరిగి వచ్చిన దారి వైపే మొహం పెట్టి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, బండి ఇంటికి పోదామంటోందని చెప్పి, ఇంటికే పోయాడట. జరిగింది ఇంతే. కానీ యార్డులో మర్నాటికి అది ఒక పల్టీ అయింది. దుర్గా పూజల నాటికి మూడు పల్టీలయింది. పక్కింటి చిట్టెమ్మ దాకా వచ్చేసరికి కారు చెరువులో పడి, గేదెలు గట్టుకి నెట్టాయి. ఇంజను వెనకున్న బండి తోక తొక్కిన పాములాంటిదని, ఎప్పుడు తిరుగుతుందో తెలియదని చిట్టెమ్మ తీర్పు.

నూకాలమ్మ గేదెల్ని నమ్మలేదు. కానీ మొగుణ్ణి అడిగింది, మలుపులో తోక జారడం నిజమేనా అని. తవిటయ్య అబద్ధం చెప్పలేకపోయాడు. వానలో జారుతోంది, కొద్దిగా, అన్నాడు.

మోటారు వాహనాల ఆఫీసు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం తెచ్చి చూపించాడు. ఆవిడ దాన్ని మడిచి బీరువాలో పెట్టింది.

"ఆ ఆఫీసోడు ఒక్క పూట సూసినాడు బావా. నువ్వు రోజూ సూస్తన్నావు. నీ సుద్దముక్కతో నువ్వు రాయి. ఆ రోజు ఎక్కుతాను."

అప్పటి నుంచీ స్టీరింగు పక్క గూట్లో ఒక సుద్దముక్క ఉంది. మూడేళ్లలో దాని మొన అరగలేదు.

ఊరివాళ్లకి ఇది వినోదం. నువ్వే రాసేసుకో, ఎవరు చూస్తారన్నారు కొందరు. తవిటయ్య నవ్వి ఊరుకునేవాడు. అతని బాధ వేరే. పెళ్లాం మోకాళ్లు అరిగాయి. టోటో ప్రతి గోతిలోనూ ఆవిడని ఎగరేస్తుంది. వెనకనుంచి ఆ ఎగరడం చూస్తూ మెత్తటి సీటున్న బండి నడపడం అతనికి కష్టంగా ఉంది. పక్కన ఆవిడ కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో రోజుకొకసారైనా అనుకునేవాడు.

ఒక ఆదివారం చర్చి బయట రష్మిత అనే అమ్మాయి కారుకి ఫోటోలు తీస్తూ కనిపించింది. కరీంనగర్ పిల్ల. ఇక్కడి ఇంజనీరింగు విద్యాలయంలో చదువుతోంది. పాత కార్లంటే ప్రాణమట. ఈ నమూనా మీద లోకమంతా ఎన్నో ఏళ్లుగా పోట్లాడుకుంటూనే ఉందని చెప్పింది. బరువంతా వెనకే కాబట్టి మలుపులో వేగంగా పోయి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారి కాలు తీస్తే తోక ముందుకు రావాలని చూస్తుందట. అందుకని భయపడేవాళ్లు ఉన్నారు. ఇసకలో, బురదలో, కొండ మీద ఎక్కడైనా ఎక్కుతుందని, సుత్తీ రెంచీ ఉంటే ఎవడైనా బాగు చేసుకోగలడని ప్రేమించేవాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు.

"దీని గుణం తెల్సుకొని నడపాలె తాతా. మలుపు రాకముందే నెమ్మది చెయ్యాలె. మలుపులకు పోయినంక బ్రేకు తొక్కద్దు," అంది.

అది తవిటయ్యకి నచ్చింది. రైలు డ్రైవర్లకి ఇచ్చే హెచ్చరిక కాగితంలోనూ అదే ఉంటుంది. ఆ రోజు నుంచి మలుపుకి ముందే కాలు తీసేవాడు. జారడం తగ్గింది. పోలేదు.

పోలేదని నూకాలమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాన పడ్డ శనివారం ఇంటికి రాగానే డిక్కీ తెరిచి టమాటాలు చూసేది. సంచిలో అన్నీ ఒక పక్కకి దొర్లి, అడుగున రెండో మూడో చితికి ఉండేవి. చితికినవాటిని వరసగా అరుగు మీద పెట్టేది. మధ్యాహ్నం వాటితో చారు కాచేది. చారు బాగుండేది. తవిటయ్యకి దిగేది కాదు.

జూలైలో అతను రైల్వే పద్ధతిలో ట్రయల్ రన్ పెట్టాడు. పక్క సీట్లో మనిషి బరువు ఉండాలి. పెళ్లాం బరువెంతో అడిగే ధైర్యం లేక రెండు బియ్యం బస్తాలు పెట్టాడు. వానలో గోడ మలుపు దగ్గర మొదట పదిలో, తర్వాత ఇరవైలో, తర్వాత ముప్పైలో తిప్పాడు. ముప్పైలో తోక జారింది. జానెడు. ఇంటికొచ్చాక బస్తాలు దింపుతుంటే నూకాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"రెండు బస్తాలా నేను?"

"ఒకటిన్నరే అనుకున్నాను. సగం బస్తా దొరకలేదు."

ఆవిడ నవ్వు చిట్టెమ్మ ఇంటి దాకా వినిపించింది. కానీ తవిటయ్య ఆ రాత్రి అన్నం తింటూ ఒక మాట చెప్పాడు. పాత కార్లు సేకరించే ఒకాయన కోల్‌కతా నుంచి వచ్చి డయానాని అడిగి వెళ్లాడట. డయానా నిర్ణయం తవిటయ్యకే వదిలేసింది. దుర్గా పూజలోపు ఫిట్ రాయలేకపోతే బండి ఇచ్చేద్దామని అన్నాడు. సొంత పెళ్లాన్ని ఎక్కించుకోలేని బండి తనకెందుకన్నాడు. నూకాలమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. తర్వాత పోసింది.

ఆగస్టులో ఒక పగలు. వాన వెలిసింది. తవిటయ్య ఇంటి ముందు కాలి పంపుతో కారుకి గాలి కొడుతున్నాడు. నూకాలమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ప్రతి నెలా చేసే పనే. డయానా తండ్రి వాడిన గేజి పెట్టి ఒక్కో చక్రంలో గాలి చూస్తాడు. ఎక్కువైతే వదులుతాడు, తక్కువైతే కొడతాడు.

"నాలుగింటికీ ఒకటే గాలా బావా?"

"ఒకటే. ఎంట్రుకవాసి తేడా లేదు."

గర్వంగానే అన్నాడు. వేగన్‌కి రెండు చివరలూ సమానంగా ఉండాలి. ఒక వైపు కుంగితే అది సిక్. ముప్పై తొమ్మిదేళ్లు అదే చూశాడు.

నూకాలమ్మ ఒక ఈనె తీసి పక్కన పడేసింది.

"ఇంజను ఎక్కడుంది?"

"ఎనక."

"ముందేటుంది?"

"ఏటీ లేదు. నీ టమాటాలు."

"మరి కలైకుండా ఎల్లిననాడు నన్ను కేరియర్ మీద ఎక్కించుకుని, రెండు సక్రాలకీ ఒకే గాలి కొట్టినావా?"

తవిటయ్య పంపు మీద కాలు అలాగే ఉంచాడు.

కొట్టలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ కొట్టలేదు. నూకాలమ్మ ఎక్కుతుందంటే వెనక చక్రానికి పది దెబ్బలు ఎక్కువ కొట్టేవాడు. పేటలో మగాళ్లు అది చూసి నవ్వేవారు. వెనక గాలి తక్కువైతే సైకిలు మలుపులో కుక్కతోకలా ఊగుతుందని అతనికి తెలుసు. తెలుసని ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇది వేగన్ కాదు బావా," అంది నూకాలమ్మ. "నన్నెక్కించుకున్న సైకిలు."

అతను గేజి తిప్పి చూశాడు. దాని అద్దం మీద రెండు ఎర్ర గీతలున్నాయి. ఒకటి కింద, ఒకటి పైన. మొదటిసారి చూసినప్పుడే వాటి గురించి ఆలోచించాడు. ఈ రెండింటి మధ్య ఎక్కడున్నా ఫరవాలేదని అర్థం చేసుకున్నాడు. యార్డులో బ్రేకు గేజి మీద గీతలు అలాంటివే. అందుకని మూడేళ్లుగా నాలుగు చక్రాలకీ సరిగ్గా నడిమధ్యకి గాలి పెడుతున్నాడు. ముందు ఉండాల్సినదానికంటే ఎక్కువ, వెనక తక్కువ. ఎంట్రుకవాసి తేడా లేకుండా తప్పు చేస్తున్నాడు.

గేజి పట్టుకుని సైకిలు మీద డయానా ఇంటికి వెళ్లాడు. ఆవిడ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, తర్వాత తన గోళ్ల వంక చూసుకుంది. ఆ గీతలు చిన్నప్పుడు తను గోళ్లకేసుకున్న రంగుతో పెట్టినవేనంది. మలుపులో బండి తిరిగిన మర్నాడు తండ్రి ఎవరినో కనుక్కుని వచ్చి, తన చేతే ఆ గీతలు పెట్టించాడట. కింది గీత ముందు చక్రాలకి. పై గీత వెనక చక్రాలకి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు నడిపినా బండి మళ్లీ తిరగలేదు.

"మరి నాకు సెప్పలేదేటమ్మా?"

"నువ్వు అడగలేదు గదా. సక్రాల మేస్త్రివి. నీకు నాను సెప్పడవేటి?"

ఆదివారం రష్మితకి ఈ సంగతి చెబితే ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. పుస్తకంలో ముందు తక్కువ, వెనక ఎక్కువ అని స్పష్టంగానే ఉందట. చక్రాల తాతకి గాలి సంగతి చెప్పడం మర్యాద కాదని ఊరుకుందట. అతని ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసు మీద గౌరవంతో ముగ్గురు ఆడవాళ్లలో ఇద్దరు నోరు మూసుకున్నారు. కేరియర్ మీద కూర్చున్నావిడే అడిగింది.

తవిటయ్య గీతల ప్రకారం గాలి పెట్టాడు. ఆ తర్వాతి శనివారం వాన పడుతూనే ఉంది. వెళ్లేటప్పుడు మామూలుగానే టోటో ముందు, కారు వెనక. గోల్‌బజారులో నూకాలమ్మ కావాలని బాగా పండిన టమాటాలు ఏరింది. మెత్తగా, వేలు తగిలితే చితికేవి. కొట్టువాడు గట్టివి తీసుకో దీదీ అంటే వద్దంది. సంచి డిక్కీలో పెట్టించి, సుందర్ రాజుతో తిరుగు దారిలో కారు వెనక నడపమని చెప్పింది.

మూడేళ్లలో మొదటిసారి ఒక శనివారం తవిటయ్య ముందు ఖాళీ రోడ్డు ఉంది. అద్దంలో టోటో, టోటో రేకు కిందనుంచి తొంగి చూస్తున్న మొహం. యార్డు గోడ కనిపించింది. ముప్పైలో ఉన్నాడు. మలుపుకి ముందు కాలు కొద్దిగా తీశాడు. స్టీరింగు తిప్పాడు. తోక జారే క్షణం అతనికి నడుములో తెలుస్తుంది. దానికోసం చూశాడు. గోడ పక్కనుంచి జరిగిపోయింది. మలుపు అయిపోయింది. నడుముకి ఏమీ తెలియలేదు.

కొంచెం ముందుకెళ్లి ఆపాడు. టోటో వచ్చి ఆగింది. నూకాలమ్మ గొడుగు తెరుచుకుని దిగింది. ముందు రోడ్డు వైపు చూసింది. తర్వాత డిక్కీ తెరిపించి టమాటాలు ఒక్కొక్కటే చేత్తో తడిమింది. సుందర్ రాజు కూడా దిగొచ్చి సంచిలోకి చూశాడు. ఒక్కటీ చితకలేదు.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

తవిటయ్య వెంటనే రాయలేదు. సీటు కిందనుంచి సుత్తి తీశాడు. వానలో నాలుగు చక్రాల దగ్గరా వంగి, ఇనప అంచు మీద కొట్టి విన్నాడు. గేజి పెట్టి గాలి చూశాడు. ముందువి కింది గీత మీద, వెనకవి పై గీత మీద ఉన్నాయి. వెనక మూత మీద అరచెయ్యి ఉంచి ఇంజను మాట కాసేపు విన్నాడు. సుందర్ రాజు తడుస్తూ, ఇంకా ఎంతసేపు దాదా అన్నాడు. నూకాలమ్మ అతన్ని కళ్లతోనే ఆపింది.

అప్పుడు గూట్లోంచి సుద్దముక్క తీశాడు. తలుపు తడిగా ఉంది. సుద్ద పట్టలేదు. జారిపోయింది. నూకాలమ్మ గొడుగు తలుపు మీదకి వంచి, చీర కొంగుతో అరచేతి మేర తుడిచింది. మళ్లీ తుడిచింది. అక్కడ అతను యార్డులో రాసినట్టే పెద్ద అక్షరాలతో ఫిట్ అని రాశాడు. కింద తేదీ, పొడి అక్షరాలు. అక్షరాలు వంకర పోలేదు.

వెనక తలుపు ఈ కారుకి లేదు. ముందు సీటు వంచి వెనక్కి ఎక్కాలి. వెనక సీటు మెత్తగా, వెడల్పుగా ఉంటుందని, మోకాళ్లకి సుఖమని చెబుతూ అతను సీటు వంచబోయాడు. నూకాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందే కూకుంటాను. ముందు తేలికన్నావు గదా. రెండు బస్తాలు ఉంటే సరిపోతాది."

కూర్చుంది. తలుపు మూసుకుంది. అద్దం దించి సుందర్ రాజుని పిలిచి, డిక్కీలో ఉన్న సంచులు రెండూ టోటోలో వేసుకోమంది. ప్రతి శనివారం నిమ్‌పురా దాకా వచ్చే బేరం ఎందుకు పోవాలి, కూరలు తీసుకుని వెనకే రమ్మంది. టమాటాలు జాగ్రత్తని మరీ మరీ చెప్పింది.

కారు కదిలింది. వెనక టోటో బయలుదేరింది. గోతులు వచ్చినప్పుడల్లా సుందర్ రాజు ఒక చేత్తో సంచి పట్టుకుంటున్నాడు. ముందు కారులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, నెమ్మది, నెమ్మది అని సైగ చేస్తోంది.